దాహాన్ని ఆటలో పెట్టడం ఎలా?

1187 జూలై 2వ తేదీ రాత్రి. సఫ్ఫూరియా ఊటల దగ్గర జెరూసలేం రాజు గై సైన్యం గుడారాలు వేసుకుని ఉంది. సుమారు ఇరవై వేల మంది. అందులో నైట్‌లనే కవచధారి ఆశ్వికులు పన్నెండు వందలు. మనుషులకు నీళ్లకు, గుర్రాలకు మేతకు లోటు లేదు. పాతిక కిలోమీటర్లకు అటూఇటుగా, బైబిల్ చదివినవాళ్లకు గలిలయ సముద్రంగా తెలిసిన సరస్సు ఒడ్డున, సుల్తాన్ సలాదీన్ తిబెరియ పట్నాన్ని ముట్టడించాడు. అక్కడి కోటలో చిక్కుకున్నది ట్రిపోలీ ప్రభువు రేమాండ్ భార్య. అయినా సభలో లేచి కదలొద్దన్నది ఆ రేమాండే. దారిలో నీళ్లు లేవు, మండు వేసవి, తిబెరియ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, సైన్యం పోతే రాజ్యమే పోతుందని అతని వాదన. రాజు సరేనన్నాడు. అందరూ పడుకున్నాక టెంప్లర్లనే యోధ సన్యాసుల పెద్ద జెరార్డ్ రాజు గుడారంలోకి వెళ్లి ఏం నూరిపోశాడో కానీ, తెల్లారేసరికి బయల్దేరమని ఆజ్ఞ వచ్చింది.

జూలై 3 ఉదయం మొదలైన నడక ఎండ ముదిరేకొద్దీ ఈడిగిలబడింది. సలాదీన్ ఆశ్వికులు దూరం నుంచి బాణాలు వేస్తూ, వెనకదారి మూసేస్తూ, సైన్యాన్ని ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆ రాత్రి చుక్క నీరు లేని చోట మకాం. సలాదీన్ మనుషులు ఎండుగడ్డికి నిప్పంటించారు, పొగ గొంతుల్లోకి దిగింది. అవతల సలాదీన్ శిబిరానికి మాత్రం సరస్సు నుంచి ఒంటెల మీద నీళ్లు వస్తూనే ఉన్నాయి. మర్నాడు, రెండు శిఖరాలతో కొమ్ముల్లా కనిపించే హత్తీన్ గుట్ట దగ్గర ఆ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. బందీగా దొరికిన గై రాజుకు సలాదీన్ మంచుతో చల్లబరిచిన పానీయం ఇప్పించాడు. అక్టోబర్ 2న జెరూసలేం లొంగిపోయింది.

ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఈ యుద్ధాన్ని ఆటగా మలుద్దామని కూర్చున్నవాళ్లకు రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, దాహాన్ని ఆటలో పెట్టడం ఎలా? ఆడేవాడు ఫ్యాన్ కింద కూర్చుని ఉంటాడు, పక్కనే మంచినీళ్ల సీసా ఉంటుంది. రెండోది ఇంకా గడ్డుది. ఆడేవాడికి కథ ముందే తెలుసు. గై రాజు స్థానంలో వాడిని కూర్చోబెడితే ఊటల దగ్గర నుంచి చచ్చినా కదలడు. కదలకపోతే హత్తీన్ లేదు. బలవంతంగా కదిలిస్తే అది ఆట కాదు. ఈ రెండు చిక్కుముళ్లనూ ఒక్కో పోగూ విప్పుకుంటూ వచ్చినవాళ్ల కథ ఇది. వాళ్లలో సైనికాధికారులున్నారు, కథారచయితలున్నారు, ఒక్క రూపాయి రాకపోయినా రాత్రిళ్లు కూర్చుని అంకెలు దిద్దుకున్న అభిమానులున్నారు.

కథ మొదలయ్యేది క్రూసేడులనే ఆ మతయుద్ధాల నేల మీద కాదు, జర్మన్ రాజ్యాల్లో. 1780లో బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణిత పండితుడు, యుద్ధవిద్య నేర్చుకునే కుర్రాళ్లకు చదరంగం చాలదనుకున్నాడు. నిజమైన నేల మీద కొండలుంటాయి, నదులుంటాయి. అందుకని 1,617 గళ్ల పలక తయారుచేసి, నేల తీరును బట్టి గళ్లకు రంగులు వేసి, ఫిరంగులనూ వంతెనలనూ ప్రవేశపెట్టాడు. అతని తర్వాత వెంటూరినీ అనే ఆయన 3,600 గళ్లకు పెంచాడు. నిజం పెరిగినకొద్దీ నియమాల పుస్తకం లావెక్కింది, ఆడేవాళ్లు తగ్గారు. ఈ వరస ముందు ముందు చాలాసార్లు కనిపిస్తుంది.

గళ్లనే తీసేస్తే? బ్రెస్లావ్‌లో ప్రభుత్వోద్యోగి అయిన రైస్విట్జ్‌కు ఈ ఆలోచన వచ్చింది. ఆయన ఇసుక పోసి కొండలూ లోయలూ తీర్చి ఆడించేవాడు. రాజకుమారులు చూసి ముచ్చటపడ్డారు. ప్రష్యా రాజు తానూ చూస్తానన్నాడు. రాజుగారి ముందు ఇసుక పోయడం మర్యాద కాదనుకుని, ఆయన నేలను ముక్కలు ముక్కలుగా పోతపోయించి, రంగులు వేయించి, 1812లో ఒక పెద్ద బల్లనే సమర్పించాడు. బల్ల అందంగా ఉంది, కానీ రాజభవనం దాటి బయటికి రాలేదు. దాన్ని సైన్యానికి పనికొచ్చేలా మార్చింది ఆయన కొడుకు, ఫిరంగిదళంలో అధికారి. 1824లో అచ్చయిన అతని నియమాల్లో బల్ల స్థానంలో మ్యాపు వచ్చింది. అదృష్టానికి పాచికలు వచ్చాయి. అన్నిటికంటే తెలివైన ఏర్పాటు మధ్యవర్తి. రెండు పక్షాలూ తమ ఎత్తులను అతనికి చెప్పాలి. ఎదుటివాళ్ల సైన్యంలో కంటికి ఆనేంత మేరకే అతను మ్యాపు మీద చూపిస్తాడు. గుట్ట అవతల ఏముందో తెలియకుండా నిర్ణయం తీసుకోవలసి రావడం ఆటలోకి అప్పుడు వచ్చింది. ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి మ్యుఫ్లింగ్ ఆ ఆట చూడటానికి అయిష్టంగానే వచ్చి, చివరికి దీన్ని సైన్యమంతటికీ సిఫారసు చేస్తానని లేచాడు. పాపం, ఆ యువ అధికారి మాత్రం ఆ కీర్తిని ఎంతోకాలం చూడలేదు. రాజధానికి దూరంగా బదిలీ అయ్యి, 1827లో ప్రాణం తీసుకున్నాడు.

అతని తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ పట్టికల మీద పట్టికలు చేర్చారు. ఒక్క దాడి ఫలితం తేల్చడానికి లెక్కలతో తలలు వాచేవి. 1876లో వెర్డీ దు వెర్నువా అనే ప్రష్యన్ అధికారి విసిగిపోయి పాచికలనూ పట్టికలనూ కట్టగట్టి పక్కన పెట్టాడు. అనుభవమున్న మధ్యవర్తి చూసి ఏం జరుగుతుందో చెబితే చాలన్నాడు. ఆట ఒక్కసారిగా పరుగందుకుంది. కాకపోతే అలాంటి మధ్యవర్తి ప్రతి ఇంట్లో దొరకడు కదా.

ఇంగ్లాండులో కథకుడు హెచ్. జి. వెల్స్ పూర్తిగా అవతలి గట్టుకు వెళ్లాడు. 1913లో అచ్చయిన ఆయన 'లిటిల్ వార్స్'లో నేల మీద బొమ్మ సైనికులను నిలబెట్టి, స్ప్రింగు ఫిరంగితో కొయ్య గుళ్లు పేల్చి పడగొట్టడమే యుద్ధం. సరదాకు సరదా, కాలక్షేపానికి కాలక్షేపం. చరిత్ర మాత్రం గదిలో లేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో చార్ల్స్ రాబర్ట్స్ 1954లో అమ్మకానికి పెట్టిన 'టాక్టిక్స్'తో యుద్ధక్రీడలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. నాలుగేళ్లకు ఆయన పెట్టిన అవలాన్ హిల్ సంస్థ గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్మింది. ఇక నిజం కోసం పోటీ మొదలైంది. ఆ పోటీకి పరాకాష్ఠ 1979లో రిచర్డ్ బెర్గ్ పేరుతో వచ్చిన 'ద క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా'. పది అడుగుల పొడవు మ్యాపు, పది మంది ఆటగాళ్లు. పూర్తిగా ఆడాలంటే వెయ్యి గంటలకు పైమాటే. ఎడారిలో ఆవిరైపోయే పెట్రోలు సైతం లెక్కలోకి వస్తుంది. దాహమూ ఉంది! ప్రతి దళానికీ నీళ్లు అందించాలి. ఇటలీ సైనికులకు పాస్తా ఉడకబెట్టుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ నీళ్లు కావాలి, లేకపోతే దళం క్రమం తప్పుతుంది. ఈ నియమం లోకమంతా నవ్వుకునేంత ప్రసిద్ధమైంది. అది వేళాకోళానికి పెట్టిందేనని, నిజానికి ఆ సైనికులు డబ్బాలో వచ్చిన టమాటా సాసులోనే పాస్తా వండుకునేవారని బెర్గ్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. అంటే నిజం కోసం వెయ్యి గంటలు ధారపోసిన ఆటలో అందరికీ గుర్తుండిపోయిన నిజం, నిజం కాదు.

దాహాన్ని లెక్కపుస్తకంగా మారిస్తే ఆడేవాడికి దాహం వేయదు, నిద్ర వస్తుంది. 1979 నేర్పింది అదే.

కంప్యూటర్ వచ్చాక లెక్కల బరువు యంత్రం మోయడం మొదలుపెట్టింది. మధ్యవర్తి కూడా అదే అయింది. ఇక నిజాన్ని ఎంతైనా కుక్కవచ్చని చాలామంది సంబరపడ్డారు. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం వెనక్కి తగ్గారు. 1997లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' చేసినవారిలో ఒకడైన బ్రూస్ షెల్లీ, ఆటకు కావలసిన చరిత్ర గ్రంథాలయంలో పిల్లల విభాగంలోనే దొరుకుతుందని, అంతకంటే లోతు చాలామందికి అక్కర్లేదని రాశాడు. చరిత్రకారులకు ఒళ్లు మండే మాటే. కానీ 1999లో వచ్చిన రెండో భాగంలో సలాదీన్ కథను ఆరు ఘట్టాలుగా పెట్టారు. మూడోది హత్తీన్. అందులో మన పని శత్రువుల దగ్గరున్న పవిత్ర శిలువ ముక్కను పట్టుకుని తెచ్చుకోవడం. గమనించండి, ఆడేవాడిని గై పక్షాన కాక సలాదీన్ పక్షాన నిలబెట్టారు. తప్పు చేయవలసిన బాధ ఆటగాడికి తప్పింది. రెండో చిక్కుముడికి అది చక్కని తప్పించుకునే దారి, విప్పడం కాదు. దాహం ఊసే లేదు. ఎడారి అంటే రంగు మారిన నేల, అంతే.

పైగా ఆ ఆటలో మామ్లూక్ యోధుడు ఒంటె మీద కూర్చుని వంపు కత్తులను గిరాటేస్తాడు. అలా ఏ సైన్యమూ చేయలేదు. సలాదీన్ కాలంలో ఆ ప్రాంతపు కత్తులు ఎక్కువగా తిన్ననివే. 1825లో వాల్టర్ స్కాట్ రాసిన 'ద టాలిస్మన్' నవలలో సలాదీన్ వంపు కత్తితో పట్టుదిండును కోసి చూపిస్తాడు. ఆ తర్వాత బొమ్మలూ సినిమాలూ ఆ వంపును లోకం కళ్లల్లో ముద్రవేశాయి. తిన్నని కత్తి పెడితే ఆటగాళ్లే తప్పంటారు. చరిత్ర పట్ల నిజాయితీగా ఉండాలనుకునేవాడికి ఎదురయ్యే పెద్ద అడ్డంకి ఆటగాడి అజ్ఞానం కాదు, అతనికి ముందే ఉన్న జ్ఞానం.

మొదటి చిక్కుముడి అనుకోని చోట వదులైంది. 2002లో ఇంగ్లాండుకు చెందిన ఫైర్‌ఫ్లై స్టూడియోస్ 'స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్' తెచ్చింది. పచ్చని ఇంగ్లాండు నేల మీద కోటలు కట్టే తమ పాత ఆటనే వాళ్లు ఎడారికి తరలించారు. ఎడారిలో పంట పండదు కనుక పొలాలు ఒయాసిస్సు పచ్చిక మీద మాత్రమే వేయనిచ్చారు. మ్యాపులో అక్కడో మడి, ఇక్కడో మడి పచ్చగా కనిపిస్తుంది. ఆ ఒక్క నియమంతో ఆట స్వరూపమే మారిపోయింది. ఇరుగుపొరుగు ప్రభువులంతా ఆ నాలుగు మడుల కోసమే కొట్టుకుంటారు. దాహం అనే అంకె ఎక్కడా లేదు, నీళ్ల పట్టిక లేదు. అయినా పచ్చిక పోయిన మరుక్షణం ఆటగాడి గుండె జారుతుంది. చరిత్రకారులు ఈ ఆటను పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఎలుక, పాము, పంది అనే పేర్లున్న ప్రభువులు తిరిగే ఆట అది. అయినా నీటికీ అధికారానికీ ఉన్న సంబంధాన్ని పది నిమిషాల్లో బోధపరిచిన ఆట ఇంకొకటి నాకు కనిపించలేదు.

రెండో మెట్టు క్రియేటివ్ అసెంబ్లీ వాళ్ల 'మిడీవల్ 2: టోటల్ వార్'. 2006లో వచ్చింది. 1174 నుంచి మొదలయ్యే క్రూసేడుల అనుబంధం మరుసటి ఏడాది వచ్చింది. ఈ ఆటలో ప్రతి దళానికీ ఒక అంకె ఉంటుంది. వేడి ప్రదేశంలో ఆ దళం అదనంగా ఎంత అలసిపోతుందో చెప్పే అంకె. బరువైన కవచం తొడుక్కున్నవాడికి అది ఎక్కువ. అలసినవాడి దెబ్బలో పదును తగ్గుతుంది, ధైర్యం సడలుతుంది, పరుగు తీస్తే ఇంకా అలసిపోతాడు. పదిహేను నిమిషాలు ఎడారిలో నైట్‌లను అటూఇటూ పరిగెత్తించి ఆ తర్వాత తేలిక ఆశ్వికులకు ఎదురు నిలబెడితే, హత్తీన్‌లో ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ అంకెలున్నది మామూలు అక్షరాల ఫైళ్లలో. నోట్‌ప్యాడ్ ఉన్న ఎవడైనా తెరిచి మార్చవచ్చు. కంపెనీ చేసిన ఆటను అభిమానులు ఇలా విప్పి, అంకెలూ బొమ్మలూ మ్యాపులూ మార్చి తమదిగా చేసుకుంటే దాన్ని మోడ్ అంటారు. పశ్చిమాసియా నుంచి మన ఉపఖండం దాకా మ్యాపును విస్తరించిన 'బ్రోకెన్ క్రెసెంట్', యూరప్ అంతటినీ దిద్దిన 'స్టెయిన్‌లెస్ స్టీల్' అలా పుట్టినవే. అయితే విప్పిచూసినవాళ్లకు మొదట ఎదురైంది ఒక వింత. అసలు ఆట 1080 నుంచి 1530 దాకా నడుస్తుంది, ఒక్కో వంతుకు రెండేళ్లు చొప్పున 225 వంతులు. కానీ మనుషుల వయసు ఒక్కో వంతుకు ఆరు నెలలే పెరుగుతుంది! ఇరవై ఏళ్ల కుర్రవాడు అరవై ఏళ్లకు చనిపోయేలోపు క్యాలెండరులో నూట అరవై ఏళ్లు గడిచిపోతాయి. మోడర్లు నవ్వుకున్నారు, తర్వాత ఆ ఒక్క లైను దిద్దబోయారు. అప్పుడు తెలిసింది అది పొరపాటు కాదని. యూరప్ నుంచి జెరూసలేంకు సైన్యం నడవడానికే ఎన్నో వంతులు పడతాయి. వయసును క్యాలెండరుతో సమానంగా నడిపిస్తే సేనాని దారిలోనే ముసలివాడవుతాడు. పోనీ క్యాలెండరునే నెమ్మదింపజేసి వంతుకు ఆరు నెలలు చేస్తే 450 ఏళ్లకు 900 వంతులు కావాలి. అంత ఓపికగా ఆడేదెవరు? తలలు పట్టుకున్నారు. ఆఖరికి కాలం మొత్తాన్నీ ఒకే ఆటలో చూపించాలన్న పట్టు వదిలేసి, 'స్టెయిన్‌లెస్ స్టీల్' వాళ్లు 1100లో మొదలయ్యేది ఒకటి, 1220లో మొదలయ్యేది ఒకటిగా ఆరంభాలను విడదీశారు.

బాణాల తగువు ఇంకా తెగలేదు. సలాదీన్ కొలువులో ఉండి అతని చరిత్ర రాసిన బహాఉద్దీన్ 1191లో కళ్లారా చూసిన సంగతి ఒకటి ఉంది. ఇంగ్లాండు రాజు రిచర్డ్ సైన్యం అర్సూఫ్ వైపు సముద్రతీరం వెంట నడుస్తోంది. కాలిబంటుల కవచాల్లో పది పది బాణాలు గుచ్చుకుని వేలాడుతున్నా వాళ్లు వరస తప్పకుండా నడిచిపోతున్నారని అతను రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందు హత్తీన్‌లో ఇదే మోస్తరు సైన్యం కుప్పకూలింది. రిచర్డ్ తీరం విడిచి రాలేదు, పక్కనే ఓడలు తిండీ నీళ్లూ మోసుకొచ్చాయి. తేడా అక్కడుంది. ఇప్పుడు ఆటలో బాణం పదును ఎంత ఉండాలి? చంపకపోతే సలాదీన్ పక్షాన ఆడేవాడు లేచిపోతాడు. చంపితే బహాఉద్దీన్ అబద్ధమైపోతాడు. 'స్టెయిన్‌లెస్ స్టీల్'కు జోడించిన 'రియల్ కాంబాట్' అనే అనుబంధంలో అభిమానులు ఆయుధం, కవచం, గుర్రం, శిక్షణ అన్నీ చూసి ప్రతి దళం బలాన్నీ మొదటి నుంచి లెక్కకట్టారు. దానికి జంటగా వచ్చిన మరో అనుబంధం మేటి దళాలను అరుదుగా, వాళ్ల వాళ్ల ప్రాంతాల్లోనే దొరికేలా చేసింది. నైట్ గట్టివాడు, కానీ చచ్చిపోతే ఇంకొకడు ఊరికే రాడు. మన పులిజూదంలో మూడు పులులూ పదిహేను మేకలూ బలంలో సమానం కాకపోయినా ఆట సమానమే అయినట్టు, రెండు పక్షాలకూ వేర్వేరు కష్టాలిచ్చి తూకం కుదిర్చారు. ఈ కఠినమైన లెక్కలు వద్దనుకునేవాళ్లు ఆట ఎక్కించుకునేటప్పుడే వాటిని వదిలేసుకోవచ్చు. నిజానికీ సరదాకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆటగాడికే వదిలేయడం ఆ జట్టు చేసిన అత్యంత తెలివైన పని అంటాను.

రెండో చిక్కుముడి, అదే గై రాజు మనసు, విప్పడానికి సైనికుల అంకెలు చాలవు. అతనెందుకు కదిలాడో తెలియాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1183లో రోగి అయిన రాజు తరఫున గై రాజప్రతినిధిగా ఉన్నాడు. సలాదీన్ దండెత్తి వచ్చాడు. గై ఊటల దగ్గర సైన్యాన్ని దింపి కదలకుండా కూర్చున్నాడు. తిండి దొరక్క సలాదీన్ వెనుదిరిగాడు. యుద్ధనీతి ప్రకారం అది విజయం. కానీ ప్రభువులు అతన్ని పిరికివాడన్నారు, పదవి ఊడింది. 1187లో జెరార్డ్ ఆ గుడారంలోకి వెళ్లేసరికి రాజు చెవిలో ఆ పాత నింద ఇంకా మోగుతూనే ఉండి ఉంటుంది. కదలడం తెలివితక్కువతనం కాదు, కదలకపోతే ఏమవుతుందో ఒకసారి అనుభవించినవాడి లెక్క అది.

ఈ లెక్కను ఆటలోకి తెచ్చింది స్వీడన్‌కు చెందిన పారడాక్స్. 2004లో వచ్చిన 'క్రూసేడర్ కింగ్స్', 2012లో దాని రెండో భాగం. ఇందులో మనం ఆడేది రాజ్యంగా కాదు, ఒక మనిషిగా, అతని తర్వాత అతని వారసుడిగా. ప్రతి సామంతుడికీ మన మీద ఉన్న అభిప్రాయం ఒక అంకె. ప్రతిష్ఠ ఇంకో అంకె. సైన్యం ఒక ప్రాంతం మోయగలిగినదానికంటే పెద్దదైతే మనుషులు రాలిపోతారు, కాబట్టి తిండీ దాహమూ అక్కడే ఉన్నాయి. అటు సామంతులు, ఇటు ఎండిన దారి. ఎదుట ఏముందో తెలిసి కూడా తప్పు వైపు అడుగువేసే ఆటగాళ్లను ఈ ఆట తయారుచేసింది, అదీ బలవంతపెట్టకుండా. నా దృష్టిలో రైస్విట్జ్ మధ్యవర్తి తర్వాత ఈ రంగంలో ఇంత పెద్ద ముందడుగు లేదు. సరదాకూ వాళ్లేం లోటు చేయలేదు, అదే 2012లో అజ్‌టెక్‌లు ఓడలెక్కి యూరప్ మీద దండెత్తే అనుబంధం కూడా అమ్మారు.

అభిమానుల పని అభిమానుల దగ్గరే ఆగిపోలేదు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'కు కొందరు కలిసి చేసిన 'ఫర్గాటెన్ ఎంపైర్స్' అనే మోడ్ 2013లో అధికారిక అనుబంధంగా అమ్మకానికి వచ్చింది. మోడ్ చేసినవాళ్లే ఆ పేరుతో సంస్థ అయ్యారు. 2022లో ఆ ఆట అప్పటిదాకా ఒకే ముద్దగా ఉన్న భారతీయులను విడదీసింది. అందులో ద్రావిడులకు ఊట్జ్ ఉక్కు విద్య ఇచ్చి, దాంతో వాళ్ల దెబ్బకు శత్రువు కవచం పనిచేయకుండా చేసింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్నది చరిత్ర. కవచాలు అసలే పనిచేయకపోవడం సరదా. ఆ రెండూ ఒకే బొత్తాం కింద సర్దుకున్నాయి, నాకైతే అభ్యంతరం లేదు.

వంపు కత్తులు విసిరే మామ్లూక్ ఇప్పటికీ ఆ ఆటలో ఉన్నాడు. మీ ఇంట్లో 'మిడీవల్ 2' ఉంటే, చరిత్ర మీద పట్టింపున్న పిల్లలుంటే, ఆ ఫైళ్లు తెరిచి చూడమనండి. వేడి అంకె మార్చి, సలాదీన్ పక్షాన ఒకసారి, ఎదుటి పక్షాన ఒకసారి ఆడమనండి. మార్చే ముందు అసలు ఫైలుకు ఒక కాపీ తీసి దాచుకోమని మాత్రం తప్పకుండా చెప్పండి.